ఒక్కడా, ఒక్కటా? త్రిత్వం మీద కాలువగట్టు వాదం

నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరుకు వచ్చే గోదావరి కాలువలో నీళ్లున్నన్నాళ్లూ చాలా సంఘాల బాప్తిస్మాలు కాలువ రేవులోనే జరుగుతాయి. పాస్టరుగారు నడుంలోతు నీళ్లలో నిలబడి, తెల్లబట్టలు కట్టుకుని దిగిన మనిషి వీపు కింద ఒక చెయ్యి వేసి, గుండె మీద ముడుచుకున్న చేతుల్ని ఇంకో చేత్తో పట్టుకుని, ఒక మాట పలికి, వెనక్కి ముంచి లేపుతారు. ఎండాకాలం కాలువలు కట్టేశాక చెరువే దిక్కు, లేదంటే మందిరం వెనక కట్టించుకున్న సిమెంటు తొట్టి. నీళ్లు ఎక్కడివన్న దాని మీద పెద్దగా తగాదా లేదు. తగాదా అంతా ఆ పలికే మాట దగ్గరే. ఎక్కువ సంఘాల్లో అది తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామం. కతోలికులు పిత, పుత్ర, పవిత్రాత్మ అంటారు, అర్థం అదే. కొన్ని సంఘాల్లో మాత్రం యేసుక్రీస్తు నామం తప్ప ఇంకో మాట వినపడదు. మొదటి మాటతో మునిగినవాడు ఈ సంఘంలో చేరాలంటే మళ్లీ మునగాలి. పైకి ఇది ఆచారాల తేడాలా కనిపిస్తుంది గాని, లోపలున్నది పదిహేడు వందల ఏళ్లకు పైబడిన ప్రశ్న. దేవుడు ఒక్కడే అని ఒట్టేసి చెప్పే మతం, యేసును ప్రభువని మొక్కుతూ, ఆత్మను ఆయన అని పిలుస్తూ, ఇంకా ఒక్కడే అని ఎలా అనగలుగుతోంది?

ఈ ప్రశ్నకు జవాబుగా, తండ్రి, కుమారుడు, ఆత్మ ముగ్గురూ ఒకే దేవుడని చెప్పేదే త్రిత్వ సిద్ధాంతం, అది ఈ సీమకు ఒకే చేతి మీదుగా రాలేదు. అసలు తెలుగు అచ్చు చరిత్రే దీనితో ముడిపడి ఉంది. 1746లో జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ అచ్చు వేయించిన తొలి తెలుగు పుస్తకాలు క్రైస్తవ బోధ నేర్పేవే. 1836లో నరసాపురంలో బౌడెన్, బీర్ కుటుంబాలు దిగాయి. వాళ్లది బ్రదరన్ పద్ధతి, బిషప్పులూ వద్దు, శిశువుల బాప్తిస్మమూ వద్దు. 1854లో ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం పెట్టింది, వాళ్లకు రెండూ కావాలి. రాజమండ్రి నుంచి లూథరన్లు తాడేపల్లిగూడెం, భీమవరం వైపు విస్తరించారు. కొల్లేటి అంచున ఆకివీడులో కెనడా బాప్టిస్టులు పాతుకున్నారు. ఏలూరు కతోలిక పీఠం 1976లో ఏర్పడింది. ఇందరూ సంఘపాలన మీద, రొట్టె ద్రాక్షారసాల మీద, నీళ్లు చల్లాలా ముంచాలా అన్నదాని మీద ఒకరితో ఒకరు వాదించుకున్నవాళ్లే. త్రిత్వం మీద మాత్రం పేచీ పడలేదు. దాన్ని ఇంట్లో సామానులా వాడుకున్నారు గాని విప్పి చూడాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. ఆ అవసరం ఇరవయ్యో శతాబ్దంలో, రెండు వైపుల నుంచి వచ్చింది. ఒక వైపు యెహోవా సాక్షులు, కుమారుడు మొదటి సృష్టి, తండ్రికి సమానుడు కాడు అంటూ. ఇంకో వైపు పెంతెకొస్తు ఉద్యమంలోంచే చీలిన ఏకత్వవాదులు, తండ్రి, కుమారుడు, ఆత్మ అన్నవి ఒకే వ్యక్తి ప్రత్యక్షతలు, ఆ వ్యక్తి పేరు యేసు అంటూ. ఈ రెండో చీలికకు బీజం 1913లో అమెరికాలో ఒక పెంతెకొస్తు శిబిరంలో బాప్తిస్మపు మాట మీద చేసిన ప్రసంగంలో పడింది. 1916కల్లా అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ త్రిత్వాన్ని తన విశ్వాస ప్రకటనలో రాసుకోవడంతో ఏకత్వవాదులు బయటికి నడిచారు. అమెరికా బోధకుడు విలియం బ్రన్హామ్ వర్తమానాన్ని నమ్మే సంఘాలు కూడా బాప్తిస్మం దగ్గర ఈ పక్షమే. మన కాలువగట్టు మీద వినిపించే వాదం ఎక్కువగా ఇదే కాబట్టి ఈ సమీక్షా దీని మీదే ఎక్కువ నిలుస్తుంది.

ముందు ఇంటివాళ్ల తప్పులు చెప్పుకోవాలి. త్రిత్వాన్ని సమర్థించేవాళ్లలో చాలామంది బలమైన సాక్ష్యాన్ని వదిలి బలహీనమైనదాన్ని పట్టుకుంటారు, అవతలివాడు దాన్ని విరగ్గొట్టి సిద్ధాంతమే విరిగిందంటాడు. ఉదాహరణకు యోహాను మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో, పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురిని గురించి పాత ఇంగ్లీషు బైబిల్లో ఒక వాక్యం ఉంది. ప్రాచీన గ్రీకు ప్రతుల్లో అది లేదు. ఎరాస్మస్ తన గ్రీకు కొత్త నిబంధన మొదటి రెండు కూర్పుల్లో దాన్ని వెయ్యలేదు, ఒత్తిడి మీద 1522 కూర్పులో చేర్చాడు. మన వాడుకలో ఉన్న తెలుగు బైబిల్లోనూ అక్కడ ఆత్మ, నీళ్లు, రక్తమే ఉన్నాయి. అయినా ఇంగ్లీషు బైబిలు చేతబట్టుకుని దాన్నే చదివి వినిపించే బోధకులున్నారు. ఇక ఎలోహీమ్ అన్న హెబ్రీ మాట బహువచనం కాబట్టి దేవుడిలో ముగ్గురున్నారన్న వాదం. మామగారు వచ్చారు, భోంచేశారు, పడుకున్నారు అంటే ఎందరు మామగార్లు వచ్చారని తెలుగువాడెవడూ అడగడు. గౌరవానికి బహువచనం వాడటం పుట్టుకతో తెలిసిన జాతిని ఆ వాదంతో ఒప్పించాలనుకోవడమే వింత. ఎహాద్ అనే హెబ్రీ మాటకు కలగలిసిన ఒకటి అని అర్థం చెప్పడం కూడా ఇలాంటిదే. ఒక అరటిగెల అన్నప్పుడు గెలలో వంద కాయలుంటే ఆ వంద గెల అనే మాటలో ఉన్నాయి గాని ఒక అనే మాటలో లేవు.

ఆదికాండం మొదటి అధ్యాయంలో నరుణ్ణి చేయబోతూ దేవుడు పలికిన మాటలో మన తెలుగు అనువాదం మన అని రాసింది. ఇది కాస్త ఆగి చూడాల్సిన చోటు. హెబ్రీలో మన, మా అన్న భేదం లేదు, ఒకే ప్రత్యయం రెండింటికీ సరిపోతుంది. తెలుగులో మన అంటే వినేవాడు కూడా లెక్కలో ఉన్నాడు, మా అంటే లేడు. జమీందారు హుందాగా బహువచనంలో ఆజ్ఞ ఇస్తే మా ఠాణా, మా ఉత్తర్వు అంటాడు, మన ఉత్తర్వు అనడు. కాబట్టి అనువాదకులు మన అని రాసిన క్షణంలోనే, ఇది రాజసపు బహువచనం కాదు, దేవుడు ఎవరితోనో మాట్లాడుతున్నాడు అని తేల్చేశారు. వాళ్ల ఎంపిక తప్పని అనను. కాని వినేవాళ్లు దేవదూతల సభ అని యూదు పండితులు చెప్పిన అర్థానికి కూడా మన సరిగ్గానే అతుకుతుంది. తెలుగు మాటను పట్టుకుని హెబ్రీ మీద తీర్పు చెప్పేస్తే సాక్షిని మనమే తయారు చేసుకున్నట్టవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసింది ఆదివారపు బడిలో చెప్పే ఐసు పోలిక. నీళ్లు, ఐసు, ఆవిరి మూడూ ఒకే పదార్థం, త్రిత్వమూ అంతే అంటారు. కొల్లేటి చుట్టుపక్కల పిల్లలకు ఐసు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కైకలూరు, ఆకివీడులో చేపల ప్యాకింగు దగ్గర ఐసు దిమ్మను మరలో వేసి పొడి కొట్టి, ట్రేలో ఒక వరస చేప, ఒక వరస ఐసు పేర్చి లారీకి ఎక్కిస్తారు. దారిలో లారీ అడుగు నుంచి కారేది నీళ్లు. కారిన నీళ్లు ఇక ఐసు కావు, అందుకే దూరం వెళ్లే లోడుకి ఐసు ఎక్కువ వేస్తారు. ఒకటి అయితే ఇంకొకటి పోవాలి, అదీ ఈ పోలిక నేర్పే పాఠం. తండ్రి కొన్నాళ్లు తండ్రిగా ఉండి, తర్వాత కుమారుడై, ఆ తర్వాత ఆత్మ అయ్యాడన్నది మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరు మీద సంఘం తోసిపుచ్చిన బోధ. త్రిత్వవాది తన బడిలో పదేళ్లు ఐసు పోలిక చెప్పి, పదకొండో ఏట పిల్లవాడు ఏకత్వ సంఘంలో చేరితే ఆశ్చర్యపోవడం అన్యాయం. వాడు నేర్పిన పాఠమే ఒప్పజెప్పాడు.

మరి గట్టి సాక్ష్యం ఎక్కడుంది? నా లెక్కలో కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రిక ఎనిమిదో అధ్యాయం ఆరో వచనంలో. యేసు తర్వాత పాతికేళ్లు కూడా గడవకముందే రాసిన పత్రిక అది. రోజూ యూదుడు పఠించే మంత్రం ద్వితీయోపదేశకాండంలో ఉంది, యెహోవా ఒక్కడే దేవుడు అని. తెలుగు అనువాదకులు అక్కడ అద్వితీయుడు అన్న మాట పెట్టారు, ఉపనిషత్తు వాసన తగిలే మాట. పౌలు ఆ మంత్రంలోని దేవుడు, ప్రభువు అన్న రెండు పేర్లను విడదీసి, దేవుడన్నదాన్ని తండ్రికీ, ప్రభువన్నదాన్ని యేసుకీ ఇచ్చాడు. సృష్టి తండ్రి నుంచి, యేసు ద్వారా అన్నాడు. ఇద్దరు దేవుళ్లని అనలేదు, విగ్రహాలను ఖండిస్తున్న అధ్యాయమది. ఉన్న ఒక్క దేవుడి మంత్రం లోపలే యేసుకు చోటు చూపించాడు. ఫిలిప్పీయుల పత్రికలోనూ అంతే, ప్రతి మోకాలూ నాకే వంగుతుందని యెషయా గ్రంథంలో యెహోవా చెప్పుకున్న మాటను తీసుకెళ్లి యేసు పేరుకు కట్టాడు. 112 ప్రాంతంలో బితూనియా అధికారి ప్లినీ రోమా చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, ఈ క్రైస్తవులు పొద్దున్నే చేరి క్రీస్తును దేవుడిగా ఎంచి పాడుకుంటారని ఉంది. సిద్ధాంతం రాసుకోకముందే ఆరాధన ఉంది. తర్వాత వచ్చిన త్రిత్వం అనే పేరు, అప్పటికే జరుగుతున్నదాన్ని తప్పుగా చెప్పకుండా ఉండేందుకు వేసుకున్న కంచె.

ఇక్కడే తెలుగు మనకు అక్కరకొస్తుంది. యోహాను పదో అధ్యాయంలో తానూ తండ్రీ ఏకమని యేసు చెప్పే మాటకు గ్రీకులో హెన్ అన్న నపుంసక రూపం ఉంది, హైస్ అన్న పురుష రూపం కాదు. క్రియ బహువచనం. అంటే ఒక్కటి, ఒక్కడు కాదు. 213 ప్రాంతంలో ప్రాక్సియస్ అనే ఏకత్వవాదికి జవాబిస్తూ కార్తేజి రచయిత తెర్తుల్లియన్ ఈ తేడానే పట్టుకున్నాడు. ఇంగ్లీషువాడికి ఇది వ్యాకరణం పెట్టి నేర్పాలి. తెలుగు పిల్లవాడికి అక్కర్లేదు. ఆ అన్నదమ్ములిద్దరూ ఒక్కటే అంటే అర్థమవుతుంది, ఆ అన్నదమ్ములిద్దరూ ఒక్కడే అంటే చెప్పినవాడికి మతి పోయిందనుకుంటాం. అయితే ఈ వచనం మోసేదాని కన్నా ఎక్కువ బరువు దీని మీద పెట్టకూడదు. నాటేవాడూ నీళ్లు పోసేవాడూ ఒకటే అని పౌలు తనను, అపొల్లోను గురించి చెప్పినప్పుడు వాడిందీ హెన్ అన్న మాటే. వాళ్లిద్దరిదీ ఒకే స్వభావమని అక్కడ చెప్పడం లేదు, ఒకే పని. త్రిత్వాన్ని గట్టిగా నమ్మిన కాల్విన్ కూడా, పాతకాలపువాళ్లు ఈ వచనంతో ఏకస్వభావాన్ని నిరూపించబోయి పొరబడ్డారని ఒప్పుకున్నాడు. కాబట్టి ఈ వచనం ఒక్కడే అన్నవాళ్లకు జవాబవుతుంది, యెహోవా సాక్షులకు కాదు. వాళ్లకు జవాబు పైన చెప్పిన కొరింథు పత్రికలోనూ, వాక్యం దేవుడని చెప్పే యోహాను మొదటి అధ్యాయంలోనూ వెతుక్కోవాలి. అక్కడ గ్రీకులో ఆర్టికల్ లేదు కాబట్టి ఒక దేవుడు అని చదవాలని వాళ్లంటారు. అదే అధ్యాయం ఆరో వచనంలో యోహాను దేవుని యొద్దనుంచి పంపబడ్డాడన్నప్పుడూ దేవుడనే మాటకు ఆర్టికల్ లేదు. అక్కడ ఒక దేవుడి దగ్గర్నుంచి అని ఎవరూ చదవరు.

ఏకత్వవాదులకు న్యాయం చెయ్యాలంటే వాళ్ల వాదాన్ని ఐసు ముక్కతో సరిపెట్టకూడదు. వాళ్లలో చదువుకున్నవాళ్లు తండ్రి పోయి కుమారుడొచ్చాడనరు. దేవుడు అంతటా ఉన్నవాడు కాబట్టి యొర్దానులో మునిగిన మనిషిగా, పైన స్వరంగా, దిగిన పావురంగా ఒకేసారి కనిపించగలడు అంటారు. ఒకే మనిషి కొడుక్కి నాన్న, తండ్రికి కొడుకు, బడిలో మేష్టారు కాడా అని అడుగుతారు. అవును, కాని ఆ మేష్టారు తనకు తాను సెలవు చీటీ రాసుకోడు. యేసు ప్రార్థన చేశాడు, ఎవరికి? మనిషి స్వభావం దైవ స్వభావానికి ప్రార్థించింది అన్నది వాళ్ల జవాబు. గెత్సేమనే తోటకు ఈ జవాబు కొంతవరకు చాలుతుంది. యోహాను పదిహేడో అధ్యాయం ఐదో వచనానికి చాలదు. లోకం పుట్టక ముందు నీ దగ్గర నాకున్న మహిమ అని యేసు అక్కడ అడుగుతున్నాడు. లోకం పుట్టక ముందు మనిషి స్వభావం లేదు, మరియ కడుపు లేదు. ఆ దగ్గర అన్న మాటకు ఇద్దరు కావాలి. నాకు తెలిసినంతలో ఏకత్వవాదం మొత్తం తడబడే చోటు ఇదే. ఇది దేవుడి సంకల్పంలో ఉన్న మహిమ అని సర్దుకుంటారు గాని, సంకల్పంలో ఉన్నదాన్ని నాకున్న అని ఎవరూ అనరు.

అపొస్తలుల కార్యాల్లో బాప్తిస్మాలన్నీ యేసు నామంలోనే కదా అన్నది గట్టి ప్రశ్న, దాటవేయకూడదు. రెండు, ఎనిమిది, పది, పంతొమ్మిది అధ్యాయాల్లో అలాగే ఉంది. కాని ఆ చోట్ల గ్రీకు విభక్తులు ఒకదానితో ఒకటి కలవవు, ఒక చోట మీద, ఒక చోట లోనికి, ఒక చోట లో. నోటితో పలికే మంత్రమైతే అన్ని చోట్లా ఒకేలా ఉండేది. పంతొమ్మిదో అధ్యాయంలో ఎఫెసు శిష్యులు పరిశుద్ధాత్మ ఉన్నాడని వినలేదన్నప్పుడు పౌలు వెంటనే, అలాగైతే మీరు దేనిలోకి బాప్తిస్మం పొందారని అడిగాడు. బాప్తిస్మంలో ఆత్మ పేరు వినపడాలన్నట్టే ఉంది ఆ ప్రశ్న. దీనికి తోడు దిదఖే అనే చిన్న పుస్తకం ఉంది, మొదటి శతాబ్దం చివర్లోనో రెండో శతాబ్దం మొదట్లోనో రాసినది, 1873లో దొరికి 1883లో అచ్చయింది. అందులో ఏడో అధ్యాయం త్రిత్వ నామంలో బాప్తిస్మం ఇమ్మంటుంది. తొమ్మిదో అధ్యాయం ప్రభువు నామంలో బాప్తిస్మం పొందినవాళ్లకే ప్రభురాత్రి భోజనం పెట్టమంటుంది. ఒకే పుస్తకం, రెండు మాటలు, ఒకే బాప్తిస్మం. అంటే తొలి తరాలకు యేసు నామం అన్నది ఎవరి బాప్తిస్మమో చెప్పే మాట. మరో ముచ్చట, ఆ ఏడో అధ్యాయమే పారే నీళ్లలో ఇమ్మంటుంది, దొరక్కపోతే వేరే నీళ్లు, అవీ చాలకపోతే తల మీద మూడుసార్లు పొయ్యమంటుంది. కాలువ, చెరువు, తొట్టి వరసలో మనవాళ్లు తెలియకుండానే దాన్ని పాటిస్తున్నారు.

త్రిత్వాన్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి 325లో నీకయ సభలో పుట్టించాడన్న మాట మీద ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. తెర్తుల్లియన్ వందేళ్ల ముందే త్రిత్వమన్న మాటను లాటిన్లో వాడాడు. పైగా కాన్‌స్టంటైన్‌కు 337లో మరణశయ్య మీద బాప్తిస్మమిచ్చింది, కుమారుడు సృష్టే, తండ్రికి సమానుడు కాడన్న ఆరియస్ పక్షపు బిషప్పు. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ ఆరియస్ పక్షాన్నే మోశాడు, నీకయను సమర్థించిన అథనాసియస్ ఐదుసార్లు ఊరు విడిచిపోవాల్సి వచ్చింది. రాజు చెప్పాడని నిలిచిన సిద్ధాంతమైతే నిలవాల్సింది ఆరియస్‌ది. త్రిత్వం అన్న మాట బైబిల్లో లేదన్న అభ్యంతరమూ చిన్నదే, ఏకత్వం అన్న సిద్ధాంతపు పేరూ బైబిల్లో లేదు. తండ్రి నాకన్నా గొప్పవాడని యేసు అనడం, లోకాంతపు ఆ గడియ కుమారుడికీ తెలియదనడం మాత్రం బరువైనవి. కుమారుడు దాసుని రూపం ఎత్తుకున్నాడన్న ఫిలిప్పీయుల మాటతో సంఘం వీటిని చదివింది. అది సమాధానమే గాని, మార్కు రాసిన ఆ వచనం గరుకు దానితో పూర్తిగా పోతుందని నేననుకోను.

తెలుగులో ఇంకో చిక్కు వ్యక్తి అన్న మాట. ముగ్గురు వ్యక్తులు అనగానే అరుగు మీద కూర్చున్న ముగ్గురు మనుషులు కళ్లముందుకొస్తారు. పుట్టుకను బట్టి చూస్తే వ్యక్తి అంటే వ్యక్తమైనది, కనపడినది, అంటే సరిగ్గా ఏకత్వవాదుల ప్రత్యక్షత. వాడుక ముగ్గురు దేవుళ్ల వైపు లాగుతుంది, ధాతువు ఒక్కడి వైపు. గ్రీకు, లాటిన్ మాటలకూ ఇదే తంటా ఉంది, ఏమీ చెప్పకుండా ఊరుకోలేక వ్యక్తులు అంటున్నామని అగస్టీన్ అప్పుడే ఒప్పుకున్నాడు. మాకూ త్రిమూర్తులున్నారుగా అనే పొరుగువాడికి చెప్పాల్సింది, అక్కడ సృష్టి ఒకరిది, పాలన ఒకరిది, లయం ఒకరిదని పనులు పంచుతారు, ఇక్కడ పని పంచడం కుదరదు, ముగ్గురిదీ ఒకే పని అన్నందుకే ముగ్గురు దేవుళ్లు కాదని నిస్సా గ్రెగరీ వాదించాడు. సత్, చిత్, ఆనందం అని కేశవచంద్ర సేన్ 1882లో చెప్పిన పోలిక అందంగా ఉంటుంది, కాని సత్తు చిత్తును ప్రేమించదు, పంపదు. మరియను కలిపి ముగ్గురు అన్నదాన్ని ముస్లిములు ఖండిస్తే అందులో క్రైస్తవుడికీ పేచీ లేదు. దేవుడికి కుమారుడేమిటన్న వాళ్ల అసలు అభ్యంతరం వేరే వ్యాసమే అడుగుతుంది.

మిగిలింది మళ్లీ ముంచాలా అన్న ప్రశ్న. మూడో శతాబ్దం నడుమ దీని మీదే కార్తేజి బిషప్పు సిప్రియన్, రోమా బిషప్పు స్తెఫను తగువు పడ్డారు. 314లో ఆర్ల్ సభ ఒక పద్ధతి పెట్టింది. వేరే పక్షం నుంచి వచ్చినవాణ్ణి విశ్వాసం అడగండి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలలోకి బాప్తిస్మం పొందినవాడైతే చేతులుంచండి చాలు, కాకపోతే బాప్తిస్మమివ్వండి అని. కతోలిక సంఘం ఇప్పటికీ దాదాపు ఆ దారినే నడుస్తుంది, నీళ్లూ ఆ మాటా ఉంటే చాలా సంఘాల బాప్తిస్మాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే సంబంధం కుదిరి పెళ్లి గుడిలో చెయ్యాలనుకున్నాక, పిల్ల పుట్టింటి సంఘం ఏదైనా సరే, ఫాదరుగారు బాప్తిస్మం సర్టిఫికెట్టు తెమ్మంటారు. తెచ్చాక ముందు వెతికేది తారీఖు కోసం కాదు, ఏ నామంలో ఇచ్చారన్న గీత కోసం.